కల్లమేడు కూర్మము

కూర్మమనే మాట వినగానే తెలుగువారి మనసులో రెండు మూడు బొమ్మలు ఒకేసారి మెదులుతాయి. పాలసముద్రపు అడుగున మందరగిరిని వీపున మోసిన అవతారం ఒకటి. శ్రీకాకుళం దాపున శ్రీకూర్మంలో వెలసిన కూర్మనాథుడు, ఆ ఆలయంలో పెంచుకునే నక్షత్ర తాబేళ్లు మరొకటి. మూడవది గీత రెండవ అధ్యాయంలో కనిపించే స్థితప్రజ్ఞుని పోలిక. తాబేలు తన అంగాలను నలుదిక్కుల నుండి లోనికి ముడుచుకున్నట్టు, ఇంద్రియాలను విషయాల నుండి మరల్చుకోగలిగినవాడు అతడు. ఈ మూడింటిలో నాకు మొదటినుంచీ ఎక్కువ ఇష్టమైనది మూడవదే. లోకం గట్టిగా తాకినప్పుడు తలను నేరుగా తనలోకి లాక్కుని, చిప్ప మూసుకున్నంత పని చేసి, ఊపిరి బిగబట్టి కూర్చునే ఆ జీవి మీద నాకు ఒక విధమైన అసూయ కూడా కలదు.

అందువల్లనే కావచ్చు, 2001లో ఒక శిలాజ తాబేలుకు పెట్టిన పేరు చదివినప్పుడు నాకు సంతోషమూ, వెంటనే ఒక చిన్న చిక్కూ కలిగాయి. ఆ పేరు కూర్మడెమిస్ కల్లమేడెన్సిస్. మొదటి మాటలో మన సంస్కృత కూర్మమూ, గ్రీకు భాషలో మంచినీటి తాబేలుకు వాడే ఎమిస్ అనే పదమూ జంటగా కూర్చున్నాయి. రెండవ మాట ఊరి పేరు. తమిళనాడులో అరియలూరు ప్రాంతపు కల్లమేడు అనే పల్లె అది. ఈ పేరు పెట్టినవారు న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చెందిన యూజీన్ గాఫ్నీ, మన దేశంలో శిక్షణ పొంది అమెరికాలో స్థిరపడిన శంకర్ ఛటర్జీ, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు చెందిన డి.కె. రుద్ర. డైనోసార్లు భూమి మీద తిరిగిన చివరి దినాలలో, అంటే నేటికి సుమారు ఏడు కోట్ల నుండి ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల క్రితం, ఆ ప్రాంతపు నీళ్లలో ఈదిన జీవి ఇది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ కూర్మం గీతలోని కూర్మం వంటిది కాదు. తలను నేరుగా లోనికి ముడుచుకునే వంశం కాదు దీనిది. మెడను పక్కకు మడిచే వంశం.

తాబేళ్ల లోకంలో నేడు బ్రతికి ఉన్నవి రెండే పెద్ద వంశాలు. ఒకటి క్రిప్టోడైరా, అంటే మెడను దాచుకునేవి. రెండవది ప్లూరోడైరా, అంటే పక్క మెడవి. తెలుగులో చెప్పుకోవాలంటే గూఢగ్రీవాలు, పార్శ్వగ్రీవాలు అనవచ్చు. తేడా తెలియాలంటే మీ ముంజేతినీ అరచేతినీ ఒక మెడగా, తలగా ఊహించుకోండి. మోచేతిని కిందికి దించి, పిడికిలిని నేరుగా భుజం వైపుకు లాక్కుంటే అది గూఢగ్రీవం చేసే పని. మెడ నిలువుగా ఎస్ అక్షరంలా వంగి, తల రెండు భుజాల నడుమ లోపలికి పోతుంది. అదే చేతిని ఛాతీకి అడ్డంగా మడిచి, పిడికిలిని ఎదుటి చంక దగ్గర ఆనిస్తే అది పార్శ్వగ్రీవం చేసే పని. తల లోపలికి పోదు. పై చిప్ప అంచు కింద, ముందరి కాలి పక్కన ఒదిగి ఉంటుంది. మెడలో ఒక వైపు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. రెండు వంశాలలోనూ మెడలో ఎముకలు ఎనిమిదే. వాటి కీళ్లు వంగే దిశ మాత్రమే వేరు.

నేడు మన దేశంలో సహజంగా పెరిగే తాబేళ్లన్నీ, గోదావరిలోని మెత్తచిప్ప తాబేళ్లు మొదలు మెట్ట నేలల నక్షత్ర తాబేళ్ల వరకు, తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లతో సహా, గూఢగ్రీవాలే. పార్శ్వగ్రీవాన్ని చూడాలంటే దక్షిణ అమెరికాకో, ఆఫ్రికాకో, మడగాస్కర్‌కో, ఆస్ట్రేలియా, న్యూగినీలకో పోవాలి. గీతాకారుడు చూసిన తాబేలు ఏదైనా అది గూఢగ్రీవమే అయి ఉండాలి. కాబట్టి ఆ పోలిక ఎంత నిజమో అంత స్థానికం కూడా. ఈ సంగతి తెలిసిన దగ్గరనుంచీ, మనం సర్వసాధారణమనుకునే పోలికలలో ఎన్ని మన ఏటి ఒడ్డుకే పరిమితమైనవో అని ఆలోచన పట్టుకుంది.

ఇంతకూ కల్లమేడు కూర్మం మెడను పక్కకు మడిచేదని ఎలా తెలిసింది? దాని ప్రజాతిని నిలబెట్టిన ముఖ్యమైన ఆధారం పుర్రె. మెడ మడవడాన్ని చూసినవారెవరూ లేరు. ఇక్కడే శాస్త్రజ్ఞుల పని నాకు అమితంగా నచ్చుతుంది. వారు వంశాన్ని గుర్తించేది అందరికీ కనిపించే మెడను బట్టి కాదు, ఎవరికీ కనిపించని ఒక మూలను బట్టి.

తాబేలు దవడ మూసే కండరం పెద్దది. తలలో చోటు చిన్నది. కళ్ల వెనుక చెవి గది ఉబ్బుగా అడ్డం ఉంటుంది కనుక కండరం నేరుగా వెనక్కి పోలేదు. బావిలో చేద తోడే మోకు గిలక మీదుగా వంగినట్టు, ఆ కండరపు నరం ఒక ఎముక గూటి మీదుగా వంగి కింది దవడకు చేరుతుంది. గూఢగ్రీవాలలో ఆ గిలక చెవి గది ముందు భాగంలో ఉంటుంది. పార్శ్వగ్రీవాలలో టెరిగాయిడ్ అనే అంగిటి ఎముక నుండి పక్కకు పొడుచుకు వచ్చిన కొమ్ములో ఉంటుంది. ఒకే అవసరానికి రెండు వంశాలు రెండు వేరువేరు ఎముకలతో గిలకలు చేసుకున్నాయి. ఈ తేడాను తాబేళ్ల వర్గీకరణకు మూలస్తంభంగా నిలబెట్టినవాడు 1970ల దశకంలో గాఫ్నీయే. కటి ఎముక రెండవ గుర్తు. పార్శ్వగ్రీవాలలో అది పై చిప్పకూ అడుగు చిప్పకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. గూఢగ్రీవాలలో అట్లా అతకదు. మూడవది అడుగు చిప్ప మీది పొలుసులు. పార్శ్వగ్రీవాలకు గొంతు దగ్గర రెండు పొలుసుల నడుమ ఒక అదనపు పొలుసు ఉంటుంది. లెక్క పన్నెండు కాక పదమూడుకు వస్తుంది.

మెడనే నమ్ముకుంటే ఎంత మోసపోవచ్చో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. ఐరోపాలో దొరికిన ప్లాటికెలిస్ అనే జురాసిక్ కాలపు తాబేలు పార్శ్వగ్రీవ వంశపు మొదటి మెట్ల మీద నిలిచినది. 2017లో దాని మెడ ఎముకలను పరిశీలించినవారు, అది మెడను కొంతవరకు నిలువుగానే, గూఢగ్రీవం లాగే వెనక్కి తీసేదని తేల్చారు. బహుశా దాక్కోవడానికి కాదు, నీటిలో వేటను అందుకోవడానికి తలను ఒక్క ఊపున ముందుకు విసరడం కోసం అని వారి ఊహ. అంటే నేడు మనం ఆత్మరక్షణకు గుర్తుగా, ఆపైన ఇంద్రియ నిగ్రహానికి గుర్తుగా పెట్టుకున్న ఆ ముడుచుకోవడం, మొదట వేటాడే నేర్పుగా పుట్టి ఉండవచ్చు. ఈ మాట చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

కల్లమేడు కూర్మం పార్శ్వగ్రీవాలలో బోథ్రెమిడిడే అనే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో నేడు ఒక్కటీ మిగలలేదు. దీనికి పేరిచ్చిన బోథ్రెమిస్‌ను 1865లో అమెరికాలో జోసెఫ్ లైడీ వర్ణించాడు. గ్రీకులో బోథ్రోస్ అంటే గుంట. ఆ తాబేలు దవడల లోపలి తలాన లోతైన గుంటలు ఉన్నాయి. గుల్లలను చిదిమి తినేవాటికి పనికివచ్చే విశాలమైన దవడ తలాలు అవి. కాని కుటుంబపు పేరు విని అందరికీ గుంటలుంటాయనుకోకూడదు. మన కూర్మడెమిస్ దవడ తలాలు ఇరుకైనవి, గుంటలు లేనివి. ఇంటిపేరు ఒకరిది, రూపం మరొకరిది. మన ఇళ్లలోనూ ఉన్నదే కదా.

మరి గుంటలు లేని దానిని ఆ కుటుంబంలో ఎట్లా చేర్చారు? చెవిని బట్టి, పుర్రె వెనుక భాగాన్ని బట్టి. తాబేలు మధ్యచెవిలో శబ్దాన్ని లోపలికి మోసే సన్నని పుల్ల వంటి ఎముక ఒకటి ఉంటుంది. చెవి నుండి గొంతులోకి పోయే నాళం ఒకటి ఉంటుంది. ఎన్నో తాబేళ్లలో ఈ రెండూ ఒకే గాడిలో పక్కపక్కన సాగుతాయి. బోథ్రెమిడ్‌లలో ఈ రెండింటినీ ఎముక వేరు చేస్తుంది. ఒకే గదికి నడుమ గోడ కట్టి ఇద్దరన్నదమ్ములు పంచుకున్నట్టు ఉంటుంది ఆ అమరిక. ఇక పుర్రె వెనుక, వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రానికి ఇరుపక్కల ఉండే ఎముకలు, దవడ కీలును మోసే క్వాడ్రేట్ ఎముకతో వెడల్పుగా కలుసుకుంటాయి. ఈ రెండు గుర్తులు కలిసి కనబడితే ఆ పుర్రె ఈ కుటుంబానిదన్న నమ్మకం కుదురుతుంది. బ్రతికి ఉన్నప్పుడు ఆ తాబేలును చేతిలో పట్టుకున్నా ఈ గుర్తులలో ఒక్కటీ మనకు కనిపించేది కాదు.

2006లో గాఫ్నీ, హయాన్ టాంగ్, పీటర్ మేలన్ ముగ్గురూ కలిసి ఈ కుటుంబం మీద ఏడువందల పుటలకు చేరువైన ఒక ఉద్గ్రంథం వెలువరించారు. అందులో ఈ కుటుంబాన్ని నాలుగు తెగలుగా విడదీశారు. వాటిలో ఒక తెగకు మన కూర్మం పేరే పెట్టారు. కూర్మడెమిడిని అనే ఆ తెగ, కుటుంబవృక్షంలో మొదటి చీలిక దగ్గరే ఒక పక్కకు నిలుస్తుంది. మిగిలిన మూడు తెగలూ రెండవ పక్కన ఉంటాయి. కూర్మడెమిస్‌కు ఈ తెగలో తోబుట్టువులు ముగ్గురు. దక్కను లావా పొరల నడుమ బొంబాయిలో దొరికి 2003లో పేరు పొందిన సంకుచెమిస్ ఒకటి. ఆ పేరులో మన చెవికి సంకోచమనే మాట వినబడక మానదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిస్దూరాలో దొరికిన జైనెమిస్ మరొకటి. మూడవది మడగాస్కర్‌లో దొరికి 2009లో పేరు పొందిన కింకోనికెలిస్.

ఈ వంశవృక్షం వెనుక నూటయాభై ఏళ్ల తెలుసుకోవడం ఉంది. 1852లో హెన్రీ కార్టర్ అనే వైద్యుడు బొంబాయి శిలాజ తాబేలు ఒకదానిని వర్ణించి, దానిని మెట్ట తాబేళ్ల ప్రజాతిలో చేర్చాడు. తరువాతివారు దానిని దక్షిణ అమెరికా పార్శ్వగ్రీవాలైన హైడ్రాస్పిస్‌లలో చేర్చారు. 1950ల దశకంలో ఎర్నెస్ట్ విలియమ్స్ దానిని మళ్లీ పరీక్షించి, పార్శ్వగ్రీవమే గాని ఆ శాఖ కాదని, ఆఫ్రికా వైపు శాఖకు దగ్గరిదని తేల్చి, కార్టర్ పేరు మీద కార్టెరెమిస్ అన్నాడు. పిస్దూరా తాబేలు కూడా చాలాకాలం ఈ కార్టెరెమిస్ గూటిలోనే ఉన్నది. 2020లో వాల్టర్ జాయిస్, శాశ్వతీ బంద్యోపాధ్యాయ దానిని విడదీసి, దానిని మొదట వర్ణించిన సోహన్‌లాల్ జైన్ గౌరవార్థం జైనెమిస్ అని పేరు పెట్టారు. మన గోదావరి పరీవాహకంలో దొరికిన బరపాసారస్ డైనోసార్‌కు 1975లో పేరు పెట్టినవారిలో ఈ జైన్ కూడా ఒకరు, ఛటర్జీ కూడా ఒకరు. ఒక శిలాజం ఒక గూటి నుండి మరొక గూటికి మారడాన్ని కొందరు శాస్త్రం నిలకడలేనితనంగా చెబుతారు. నాకు మాత్రం అది ఒక చనిపోయిన జీవిని మర్చిపోకుండా తరతరాలవారు మళ్లీ మళ్లీ చేతిలోకి తీసుకుని చూడడంగా తోస్తుంది.

తోబుట్టువు మడగాస్కర్‌లో ఉండడం ఊరికే చెప్పుకుని వదిలేసే సంగతి కాదు. భారతదేశమూ మడగాస్కర్ ఒకప్పుడు ఒకే నేల. ఇంచుమించు ఎనిమిది కోట్ల ఎనభై లక్షల ఏళ్ల క్రితం రెండూ విడిపోయాయి. కూర్మడెమిస్, కింకోనికెలిస్ రెండూ అంతకు కోటిన్నర ఏళ్ల పైగా తరువాతి రాళ్లలో దొరికాయి. అయితే వాటి తెగ పాతదనం అంతకంటే వెనక్కి పోతుంది. ఎట్లాగంటే, కుటుంబవృక్షంలో మొదటి చీలికకు రెండవ పక్కన ఉన్న సియరాకెలిస్ అనే తాబేలు బ్రెజిల్‌లో పది కోట్ల ఏళ్లకు మించిన రాళ్లలో దొరికింది. ఒక కొమ్మ అప్పటికే ఉన్నదంటే, దానితోపాటు చీలిన రెండవ కొమ్మ కూడా అప్పటికే ఉండి తీరాలి. అంటే మన కూర్మపు తెగ పూర్వీకులు భారతదేశమూ మడగాస్కర్ కలిసి ఉన్నప్పటికే భూమి మీద ఉన్నారు. నేలే రెండుగా చీలి, ఆ చీలికకు అటూ ఇటూ చుట్టాలు మిగిలిపోయారనుకోవడానికి చోటున్నది. కల్లమేడులోనే దొరికి 2013లో వెల్లడైన ఒక మొసలి దంతం మడగాస్కర్‌కు చెందిన సైమోసుకస్ అనే విచిత్రమైన పొట్టి ముట్టె మొసలి దంతాలను పోలి ఉండడం ఈ ఊహకు మరికొంత బలమిస్తుంది.

ఆ తరువాత భారతదేశం ఉత్తరానికి సాగి ఆసియాను ఢీకొన్నది. కూర్మడెమిడిని తెగ అంతరించింది. పార్శ్వగ్రీవాలలోనే మరొక కుటుంబంవారు తరువాతి యుగాలలో మన వైపు మళ్లీ కనిపించారు. గుజరాత్ తీరపు పిరం ద్వీపంలో దొరికిన పిరమిస్, పాకిస్తాన్‌లోని బుగ్తి కొండలలో దొరికిన బ్రాంటోకెలిస్ వారివే. చివరికి వారూ పోయారు. మడగాస్కర్‌లో మాత్రం ఒక్క పార్శ్వగ్రీవ కుటుంబపు పెద్ద తాబేలు పడమటి చెరువులలో ఇంకా మిగిలి ఉన్నది. అక్కడివారు దానిని రేరే అంటారు. దాని దగ్గరి చుట్టాలు దక్షిణ అమెరికాలో ఉన్నారు. వేటవల్లా, చెరువులు పొలాలుగా మారడంవల్లా అది కూడా అంతరించే అంచున ఉన్నది. శిలాజాల గురించి చదివేటప్పుడు అన్నీ ముగిసిన కథలే అనుకుంటాం. ఇది మాత్రం ముగియని కథ. ముగింపు మనిషి చేతిలో ఉన్నది.

కల్లమేడు అనగానే నాకు మరొక పేరు కూడా జ్ఞాపకం వస్తుంది. అదే పల్లె దగ్గర దొరికిన బ్రహ్మాండమైన ఎముకలకు 1980ల దశకం చివర యాదగిరి, అయ్యసామి అనే భూవిజ్ఞానులు బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాదు బిర్లా మ్యూజియంలో నిలిచి ఉన్న కోటసారస్‌కు 1988లో పేరు పెట్టినది కూడా ఈ యాదగిరియే. బృహత్కాయం పేరుకు తగినదే. భూమి మీద నడిచిన అతి పెద్ద జంతువులలో ఒకటి కావచ్చని వాదించేవారు నేటికీ ఉన్నారు. కాని ఆ ఎముకలు నేడు లేవు. వానల తాకిడికి పెళుసుబారి చితికిపోయాయి. మిగిలినవి రాతలూ, గీతలూ, కొన్ని పాత ఛాయాచిత్రాలూ. ఉన్నది ఏమిటో ఖాయంగా చెప్పడానికి ముట్టుకుని చూడగలిగిన ఎముక లేదు. ఒకే ఊరిలో, రెండూ సంస్కృతపు పేర్లే. బృహత్కాయం కరిగిపోయింది. అరచేతిలో ఇమిడే కూర్మపు పుర్రె మాత్రం నిలిచింది. చెవిలో ఒక గోడ, వెనుక ఒక అతుకు, అంగిట ఒక గిలక. అంతటితోనే అది తన వంశాన్ని, తన దేశాన్ని, ఆ దేశం విడిపోయిన వైనాన్ని చెప్పగలిగింది.

కొలత పెద్దదైనంత మాత్రాన జ్ఞాపకం పెద్దది కాదని ఇక్కడ ఎవరైనా నీతి చెప్పవచ్చు. నాకు అంతకంటే కుదురైన మాట తోస్తుంది. శిలాజం తనంతట తాను నిలవదు. ఎవరో ఒకరు దానిని రాయి నుండి ఓపికగా విడదీసి, సంఖ్య వేసి, అరలో పెట్టి, తరువాత వచ్చేవారు మళ్లీ తీసి చూడడానికి వీలుగా ఉంచాలి. విలియమ్స్ కార్టర్ తాబేలును వంద ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షించగలిగాడంటే, ఆ ఎముక ఎక్కడో భద్రంగా ఉండడం వల్లనే. మన దగ్గర ఎముకలను భద్రపరచే అరలు ఎన్ని ఉన్నాయి, వాటికి తాళాలు తీసి చూపించేవారు ఎందరున్నారు అన్నది మనం అడగవలసిన ప్రశ్న. తాళపత్రాల విషయంలో ఏం పోగొట్టుకున్నామో మన భాషవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక మొదట చెప్పిన చిక్కు సంగతి. గీతలోని తాబేలు వంటిది కాని దానికి కూర్మమని పేరు పెట్టడం తగునా? ఆలోచించగా తగునని నాకు తోచింది. కూర్మమంటే తలను లోనికి లాగే జీవి అని నిఘంటువు ఎక్కడా అనదు. ఆ అర్థం మనం ఒక పోలిక నుండి తెచ్చుకుని, మాటకు తొడిగినది. కల్లమేడు కూర్మం ఆ మాటను కొద్దిగా వెడల్పు చేసింది. ఆపద వచ్చినప్పుడు తలను పూర్తిగా లోపలికి దాచుకోలేని జీవులు కూడా ఉంటాయి. అవి మెడను పక్కకు వాల్చి, చిప్ప అంచు నీడలో, ఒక కన్ను బయటికే ఉంచుకుని కాలం గడుపుతాయి. అది నిగ్రహం కాదనలేము. లోకాన్ని పూర్తిగా మూసివేయలేనివారి నిగ్రహం అది. ఉద్యోగాలూ పిల్లలూ జబ్బుపడిన పెద్దలూ ఉన్న మనలో చాలామంది స్థితి ఇదే. తలుపు బిగించుకుని ధ్యానంలో కూర్చునే వీలు ఎవరికున్నది? ఒక చెవి వంటింటి వైపు, ఒక కన్ను గుమ్మం వైపు పెట్టుకునే మనం రోజూ ఒదిగి కూర్చుంటున్నాం.

స్థితప్రజ్ఞుని కూర్మాన్ని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. దాని పక్కన ఇప్పుడు ఈ రెండవ కూర్మానికి కూడా చోటిచ్చాను.